టెగార్టు దొర చరిత్రము

శత్రువునందలి గుణమును గూడ గుర్తించుట న్యాయము. కలకత్తా పోలీసు కమీషనరుగా పేరుమోసిన సర్ చార్లెస్ టెగార్టు పిరికివాడు కాడు, అసమర్థుడును కాడు. కనుకనే అతని చరిత్రము విచారింపదగినదని మా యభిప్రాయము.

1881లో ఐర్లండునందలి డెర్రీ పట్టణమున నొక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించి, 1901లో అతడు కలకత్తా పోలీసున ప్రవేశించెను. రహస్యసంఘముల గుట్టు తెలియుటలో అతనికి పెద్ద పేరు గలదు. 1915లో జతీంద్రనాథ ముఖర్జీని వెదకి బాలేశ్వరమునకు పోయిన యధికారులలో అతడొకడు. 1923లో కమీషనరయ్యెను.

1924 జనవరి 12న గోపీనాథ సాహా యను యువకుడు టెగార్టని భ్రమించి ఎర్నెస్టు డే యను మఱియొక ఆంగ్లేయుని కాల్చి చంపెను. నిరపరాధి మరణించినందులకు న్యాయస్థానమున విచారము ప్రకటించి, మార్చి 1న ఉరికంబ మెక్కెను. ఆ యేడే అక్టోబరులో, విచారణ లేకయే నిర్బంధింప నధికార మొసగు ఆర్డినెన్సు బంగాళమున వెలువడెను. నాడు కలకత్తా కార్పొరేషనునకు ముఖ్య కార్యనిర్వాహకుడైన సుభాస చంద్రబోసును పట్టి, పిమ్మట మాండలే చెఱకు బంపిరి. నేరమేమి? సాక్షులెవరు? న్యాయస్థానమున నడిగిన వాడు లేడు. చెప్పిన వాడు లేడు.

పోనిండు, శాంతియైన నెలకొన్నదా? 1930 ఆగస్టు 25న డల్హౌసీ స్క్వేరున టెగార్టు కారుపై బాంబులు పడెను. అతడు తప్పించుకొనెను, విసరినవారిలో అనుజాచరణ సేన్ మరణించెను. ఆరేండ్ల నిర్బంధముల ఫలమిది!

1931లో అతడు కలకత్తా విడిచి, లండనున ఇండియా మంత్రి సలహాసభలో చేరెను. పాలస్తీనాలో అరబ్బులు తిరుగబడగా, 1937 డిసెంబరులో అచ్చటికి పోయి, ఉత్తరపు సరిహద్దున ముళ్లకంచెను, పలుచోట్ల పోలీసుకోటలను నిర్మింప సలహా నిచ్చెను. 1946లో మరణించెను. మఱుసటి యేడు భారతమును, 1948లో పాలస్తీనాను ఆంగ్లేయులు విడిచిరి. ఆ కోటలలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. కట్టించిన ప్రభుత్వము నిలువలేదు.

మన దేశమున మాత్ర మొకటి నిలిచినది. విచారణ లేని నిర్బంధమునకు మన రాజ్యాంగమే 22వ అధికరణమున తావిచ్చినది. 1950లోనే మన పార్లమెంటు అందులకు శాసనము చేసినది. అట్టి సమర్థుని చేతనుండియు శాంతి నీయజాలని యాయుధము, మనవారి చేతికి వచ్చినంత మాత్రమున ధర్మమగునా? దొర పోయెనని సంతసించు పాఠకులు ఈ ప్రశ్నను తమ ప్రతినిధుల నడుగుదురు గాక!