చౌతారీ నీడలో

నేపాళదేశమున కొండదారి నెక్కు బాటసారికి అక్కడక్కడ రాతి అరుగులు కనిపించును. అరుగు నడుమ రావిచెట్టును మఱ్ఱిచెట్టును జంటగా పెరిగి నీడ నిచ్చుచుండును. వీపున మోయు గంపను ఆనించి నిలుచుటకు తగిన యెత్తున ఆ అరుగును కట్టుదురు. దీనిని చౌతారీ అందురు. గతించిన తల్లిదండ్రుల పుణ్యమునకై బిడ్డలు కట్టించినవి వీనిలో పెక్కులు గలవు. బాటసారులు సేదదీరుటయు, ఊరివారు కూడి మంచిచెడ్డలు మాటలాడుకొనుటయు ఇచ్చటనే. మన రచ్చబండకు అది తోబుట్టువు.

గోర్ఖా జిల్లాలో దరౌదీ నదికి ఎగువను, సుమారు 1,900 మీటర్ల యెత్తున బార్పాక్ అను గ్రామము గలదు. ఘలే, గురుంగు తెగలవారు ఇచ్చట అధికసంఖ్యలో నివసింతురు. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి మొక్కజొన్న, చోళ్ళు, బంగాళాదుంప పండింతురు. పంట చాలని యిండ్లనుండి పడుచువారు సైన్యములలో చేరుట తరతరముల వాడుక. 1943లో బర్మాదేశపు చిన్ కొండలలో చూపిన సాహసమునకు విక్టోరియా క్రాసు పొందిన గజే ఘలే ఈ గ్రామమున పుట్టినవాడే.

ఇట్టి నిట్టవాలు నేలలో ఒంటరి సేద్యము సాగదు. వాన కురిసినపుడే నాట్లు ముగియవలెను. అందుచే కొండపల్లెలలో పర్మా అను కట్టుబాటు ఏర్పడినది. నేడు నీ పొలమున నేను పనిచేసితినేని రేపు నా పొలమున నీవు చేయవలెను. డబ్బు చేతులు మారదు. దినమునకు దినమే చెల్లు. పగలు ఇట్లు కూడి పనిచేసిన పడుచువారు రాత్రి రోధీ అను కూటమిలో చేరి పాటలు పాడుకొనుట గురుంగుల పాతవాడుక. తల్లులకు ఆమా సమూహములను సంఘములు వేరుగా కలవు. వారు ఆడిపాడి, వచ్చిన కానుకలను కూడబెట్టి, కాలిబాటలు మున్నగు ఊరి పనులకు వెచ్చింతురు.

ఈ కట్టుబాటునకు గొప్ప పరీక్ష 2015 ఏప్రిల్ 25వ తేదీన వచ్చినది. మధ్యాహ్నము 12 గంటలకు ఇంకను నాలుగు నిమిషము లుండగా భూమి కంపించెను. తీవ్రత 7.8, భూకంపకేంద్రము బార్పాక్ చెంతనే. రాతితో, మట్టితో కట్టిన ఆ గ్రామపు టిండ్లు దాదాపుగా అన్నియు కూలిపోయెను. దేశమంతట సుమారు 9,000 మంది మరణించిరి. ఆ దినము శనివారము. నేపాళమున బడులకు సెలవు. వేలకొలది తరగతి గదులు నేలమట్టమయ్యెను గాని, అందు పిల్లలు లేరు. బడి పనిదినమే అయియున్నచో ఏమయ్యెడిదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

దారులు తెగిన కొండలలో బయటి సాయము చేరులోపల శిథిలములను త్రవ్వినవి ఇరుగుపొరుగుల చేతులే. తరువాత ప్రభుత్వము ఇల్లు కోల్పోయిన కుటుంబమునకు మూడు లక్షల నేపాళీ రూపాయలను మూడు విడతలుగా ఇచ్చినది. పలకరాతి కప్పులుండిన చోట నేడు సిమెంటు మిద్దెలును, రేకుల కప్పులును లేచినవి.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 20న క్రొత్త రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి 2017లో దేశమంతట 753 స్థానిక ప్రభుత్వములు ఏర్పడినవి. అందు 460 గ్రామప్రాంతములవి. వానికి గావ్‌పాలికలని పేరు. బార్పాక్ నేడు చుట్టుపట్ల పల్లెలతో కలిసి బార్పాక్ సులీకోట్ గావ్‌పాలికలో చేరియున్నది. 1997 తరువాత ఇరువదియేండ్లకు, 2017లో, పల్లెలు తమ పాలకులను తామే ఎన్నుకొనెను. ఖాట్మండులోని సింహదర్బారు ఇక ఊరూరికి వచ్చునని నాడు గొప్పగా చెప్పుకొనిరి.

వచ్చినదానిలో మెచ్చదగినది ఒకటి కలదు. ప్రతి వార్డున నలుగురు సభ్యులలో ఇద్దరు స్త్రీలుండవలెను. వారిలో ఒకరు దళిత స్త్రీ కావలెను. గావ్‌పాలిక ఉపాధ్యక్షపదవి పలుచోట్ల స్త్రీలకే దక్కినది. ముగ్గురు సభ్యుల న్యాయసమితికి ఉపాధ్యక్షురాలే పెద్ద. పొలముగట్టు, కాలువనీరు, తప్పిపోయిన పశువు, మేసిన పంట, ఎగవేసిన కూలి—ఇట్టి 13 విధముల తగవులలో ఆ సమితి తీర్పు చెప్పవచ్చును. మఱి 11 విధముల వానిలో ఇరుపక్షములను రాజీపఱుపవచ్చును. చౌతారీపై ఒకప్పుడు పెద్దమనుష్యులు తీర్చిన తగవులే ఇవి. నాడు వినుటకే పరిమితమైన ఆడువారికి నేడు తీర్పు చెప్పు అధికారము లభించినది.

అయితే ఒక లోటును ఏ రాజ్యాంగమును తీర్చలేకున్నది. 2021 జనాభా లెక్కలలో 21 లక్షలకు పైబడిన నేపాళీయులు పరదేశములలో నున్నట్లు తేలినది. గల్ఫు దేశములకు, మలేషియాకు, భారతదేశమునకు పోయినవారు వీరిలో పెక్కురు. వారు పంపు డబ్బుతో ఇల్లు లేచును, పిల్లలు చదువుకొందురు. కాని పర్మాలో ఋణము తీరునది డబ్బుతో కాదు, దినముతో. కరీంనగరు, నిజామాబాదు జిల్లాల పల్లెలకును గల్ఫు దారి క్రొత్తది కాదు. ఈ బాధ ఆ పల్లెలవారికి తెలిసినదే.

ప్రతి ఆషాఢమాసమున 15వ దినము, అనగా జూను నెలాఖరున, నేపాళమంతట నాట్ల పండుగ. ఆ దినము మడి బురదలో కూడి నాటి, గట్టున కూర్చుండి పెరుగుతో అటుకులు తినుట ఆచారము. నేడు కొండపొలములలో సేద్యభారము అధికముగ స్త్రీలపైననే నిలిచినది. గావ్‌పాలిక దారి వేయగలదు, వంతెన కట్టగలదు, తీర్పు చెప్పగలదు. నాటువేళకు పొరుగువాని చేతిని తెచ్చి యియ్యజాలదు. ఆ చేతులు తిరిగి వచ్చునట్లు పల్లెలోనే బ్రదుకుతెరువు చూపుటయే దాని ముందున్న అసలు పని.