బియ్యపు సంచి పాపాయి

అమెరికాలో కొన్ని పాఠశాలలు పిల్లలకు ఐదు పౌన్ల పిండి సంచి ఇచ్చి, కొన్నాళ్లు దానిని పసిబిడ్డలా సాకమనేవి. మీ ఇంట మూడు కిలోల బియ్యం గుడ్డసంచిలో పోసి కుట్టండి. అప్పుడే పుట్టిన బిడ్డ బరువు సుమారు అంతే. తలకు గుడ్డ ఉండ కట్టండి. పసిబిడ్డకు మెడ నిలవదు గనుక ఎత్తినప్పుడెల్లా తలక్రింద చేయి ఉండాలి. రెండు మూడు గంటలకొకసారి పాలు, రాత్రివేళ కూడా. అలారం మ్రోగితే లేవవలసినది తల్లి కాదు, మీ కుమారుడే. అవును, కుమారుడే! పసిబిడ్డ పని ఆడపిల్లదే అనుకొనే ఇండ్లు మనలో చాలా ఉన్నవి. ఆటకు వెళ్లాలంటే సంచిని ఎవరు చూస్తారో వాడే అడిగి ఒప్పించుకోవాలి.

అయితే ఒక సంగతి గమనించండి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 57 పాఠశాలల ఆడపిల్లలపై చేసిన పరిశోధన 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఏడ్చే ఎలక్ట్రానిక్ బొమ్మను సాకిన గుంపులో 20 ఏళ్లలోపు గర్భము ధరించినవారు తగ్గలేదు సరికదా, బొమ్మ ఇవ్వని గుంపులోకంటే ఎక్కువే. కాబట్టి భయపెట్టడానికే ఈ సంచి ఇవ్వకండి. బొమ్మకు జ్వరం రాదు, విసుగొస్తే మూలన పెట్టవచ్చు. ఆ అర్ధరాత్రి మీరూ లేచి వాని ప్రక్కన కూర్చోండి. వాని కొరకు మీరు మేల్కొన్న రాత్రులను గూర్చి చెప్పండి, పాలడబ్బా ఖర్చు లెక్క వేయించండి, శరీరమును గూర్చి వాడు అడిగితే సిగ్గుపడక జవాబివ్వండి.