మీకు తెలుసా? పోర్టుకూ తాళం!

2008లో పశ్చిమాసియాలోని ఒక అమెరికా సైనిక స్థావరంలో ఎవరో లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చారు. అందులోని ‘ఏజెంట్ డాట్ బీటీజెడ్’ అనే వార్మ్ రహస్య నెట్‌వర్కుల్లోకీ పాకింది. దాన్ని ఏరిపారేయడానికి దాదాపు 14 నెలలు పట్టింది. ఆ ఏడాది నవంబరులోనే పెంటగాన్ పెన్‌డ్రైవ్‌ల వాడకాన్ని నిషేధించింది.

నిషేధం కాగితం మీద ఉంటుంది, పెన్‌డ్రైవ్ గుచ్చే పోర్టు మాత్రం తెరుచుకునే ఉంటుంది. అందుకే కొన్ని ఆఫీసుల్లో యూఎస్‌బీ పోర్టుల్లో ఏకంగా ఎపాక్సీ జిగురు నింపేస్తారు. మొరటు పనే! ఆ పోర్టు ఇక దేనికీ పనికిరాదు. ప్రత్యేక తాళంచెవితో మాత్రమే ఊడివచ్చే ప్లాస్టిక్ బిరడాలు కాస్త నయం.

ఖాళీ పోర్టులన్నీ మూసినా, మౌస్ పీకితే ఒక దారి దొరికినట్టే. అందుకని కీబోర్డు, మౌస్ వైర్లను పోర్టుకే బిగించి ఉంచే తాళాలూ అమ్ముతున్నారు.