మగబిడ్డ నాట్యము నేర్చుకుంటానంటే?

మన గ్రామ సంఘాలలో ఒక అబ్బాయి తబలా నేర్చుకుంటానంటే అందరమూ సంతోషిస్తాము. కీబోర్డు కావాలంటే అప్పో సప్పో చేసి కొనిపెడతాము. అదే అబ్బాయి "నాన్నా, నేను నాట్యము నేర్చుకుంటాను" అంటే ఇంట్లో మాట పడిపోతుంది. "ఆడంగి పనులు మనకెందుకురా? నలుగురూ నవ్వుతారు" అనే మాట ముందు వస్తుంది. "డబ్బెక్కడ తెచ్చేది?" అన్నది ఆ తరువాత. ఈ రెండు మాటలనూ ఈ నెల కాస్త నిదానముగా ఆలోచిద్దామని మా కోరిక.

ఫీజు లేని విద్య

పాశ్చాత్య దేశాలలో బ్యాలే అనే నాట్యముంది. ఇటలీ రాజసభలలో పుట్టి ఫ్రాన్సులో పెరిగింది. ఫ్రాన్సు రాజు 14వ లూయీ తానే ఆడేవాడు. 1661లో నాట్యము కొరకు పారిస్‌లో ఒక అకాడెమీ స్థాపించాడు. రాజులే గౌరవించిన ఆ విద్య కాలక్రమాన ఆడపిల్లలదిగా పేరుపడింది. అయితే బ్యాలే కథలలో స్త్రీ పాత్రను రెండు చేతులతో పైకెత్తి నిలిపేందుకు బలమైన పురుషుడు కావాలి. నేర్చుకునే మగపిల్లలేమో తక్కువ. అందుచేత అమెరికా వంటి దేశాలలో చాలా పాఠశాలలు మగపిల్లల దగ్గర ఫీజు తీసుకోవు.

మన దేశములోనూ అటువంటి గురువులున్నారు. ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే ఒక తండ్రి కుమారుడు కమల్ సింగ్. ఒక హిందీ సినిమాలో బ్యాలే చూసి, 17 ఏళ్ల వయసులో నేర్చుకోవడానికి వెళ్లాడు. చిన్ననాడే మొదలుపెట్టవలసిన విద్యకు అది ఆలస్యమైన వయసే. ఫీజు కట్టలేడని తెలిసి కూడా ఫెర్నాండో అగిలేరా అనే గురువు అతనికి ఉచితముగా నేర్పాడు. 2020లో లండనులోని ఇంగ్లీష్ నేషనల్ బ్యాలే స్కూలు అతనిని చేర్చుకుంది. అక్కడి ఖర్చులకు ముక్కూ మొగమూ తెలియనివారు ఎందరో చందాలిచ్చారు. ముంబైలో వెల్డింగు పనివాని కొడుకు అమీరుద్దీన్ షాను, టాక్సీ డ్రైవరు కొడుకు మనీష్ చౌహాన్‌ను యెహూదా మయోర్ అనే వృద్ధ గురువు చేరదీశాడు. అమీరుద్దీన్ 2017లో లండను రాయల్ బ్యాలే స్కూలులో చేరాడు.

మన నేలమీద

నాట్యము మగవారిది కాదనే మాట మన తెలుగునాట అసలే చెల్లదు. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడినవారు మగవారే. ఆడవేషాలు కూడా వారే వేసేవారు. సత్యభామ వేషానికి పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ పురుషుడే గదా! అయితే ఆ విద్య చాలా కాలము కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకే దక్కింది. మన పితరుల వంటివారికి ఆ గడప తెరువలేదు. మరి మన రాయలసీమ పల్లెలలో చెక్కభజన వేసేదెవరు? మీసాలున్న మగవారే. ఒక్క అడుగు తప్పకుండా గంటల తరబడి ఆడే ఆ మనుషులను ఎవరూ ఆడంగి అనరు.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల 1959 నుండి ఉంది. మన ప్రాంతములో ఈ విద్యకు పెద్ద సంస్థ అదే. మన శాస్త్రీయ నాట్యాలలో పురాణ కథలే ఎక్కువ గనుక క్రైస్తవ తలిదండ్రులు సందేహించడము సహజము. కాని విద్య వేరు, దానితో చెప్పే కథ వేరు. ఫ్రాన్సిస్ బార్బోజా భరతనాట్యము అభ్యసించి, అదే నాట్యములో క్రీస్తు కథను చూపించాడు. అమెరికాలో కేథీ తిబోడో అనే సోదరి 1986లో దేవుని మహిమార్థమై ఒక బ్యాలే బృందాన్ని స్థాపించింది.

వాక్యము వెలుగులో

మందసము యెరూషలేముకు వచ్చినప్పుడు దావీదు రాజు వీధిలో ఒళ్లు మరచి నాట్యమాడాడు (2 సమూయేలు 6). కిటికీలోనుండి చూచిన మీకాలు అతనిని హీనముగా ఎంచింది. ఆ అధ్యాయములో తప్పుపట్టబడినది నాట్యమాడినవాడు కాదు, నవ్వినవారే. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చిన ఇంటిలో కూడా నాట్యము వినబడింది (లూకా 15). అలాగని ప్రతి ఆటా దేవునికి మహిమ తెస్తుందని మేము చెప్పడము లేదు. ఏ తలాంతునైనా పాతిపెట్టే ముందు ఇచ్చినవానిని తలచుకోవాలని మాత్రమే మా మనవి.

మన తాతలు ఎలా చదివారు? చిత్తూరు, మదనపల్లె ప్రాంతాలలో ఆర్కాటు మిషను, తిరుపతి, శ్రీకాళహస్తి వైపున లూథరను మిషను బడులు, బోర్డింగులు పెట్టాయి. ఎక్కడో ఎవరో ఇచ్చిన కానుకలతో పలక, బలపము, పిడికెడు అన్నము దొరికాయి. "కూలివాని కొడుక్కి చదువెందుకు?" అని అప్పుడూ నవ్వినవారున్నారు. ఆ నవ్వుకు మన పెద్దలు వెనుదీసి ఉంటే ఈ పత్రికను చదివేవారెవరు?

తలిదండ్రులకు కొన్ని మాటలు

ఉచితమన్న మాట వినగానే బిడ్డను పంపవద్దు. గురువు ఎవరు, ఎలాంటివాడని విచారించండి. వసతి ఎక్కడ, రాత్రివేళ పిల్లలను చూచేదెవరు, మీరు ఎప్పుడైనా వెళ్లి చూడవచ్చునా అని అడగండి. మీ రాకకు అడ్డుచెప్పే చోట బిడ్డను ఉంచవద్దు. ఫీజు లేకపోయినా బస్సు చార్జీ, మంచి తిండి, దెబ్బ తగిలితే వైద్యము మీమీదనే పడతాయి. బడి చదువు మాత్రము మాన్పించవద్దు. కాళ్లకు గాయమైతే నాట్యము ఒక్కరోజులో ఆగిపోవచ్చు.

ఇక సంఘ పెద్దలారా! క్రిస్మసు రాత్రి మన పిల్లవాడు కోలాటములో చక్కగా అడుగు వేస్తే చప్పట్లు కొడతాము. మరుసటి ఉదయము వాడిని ఎగతాళి చేయకుండా చూడడము మీ చేతిలో ఉంది. అటువంటి బిడ్డ మీ సంఘములో ఉంటే, నెలకు వాని బస్సు చార్జీ సంఘము భరించగలదేమో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఉచితముగా పొందినవారమే గనుక ఆ మాత్రము ఇవ్వడము మనకు భారము కాదు.