సెగను చూసిన చల్లని కన్ను

వేసవిలో పొద్దుగుంకాక కడియం కాలవ గట్టు మీద కూర్చుంటే సిమెంటు ఇంకా సెగ కక్కుతూనే ఉంటుంది. చీకట్లో గట్టు కనబడకపోయినా, అరచెయ్యి దగ్గరపెడితే తెలిసిపోతుంది. ఆ సెగ కూడా వెలుతురే, కాకపోతే కంటికి అందని పరారుణ కాంతి. ఆకాశాన్ని ఆ కాంతిలో చూడటానికే స్పిట్జర్ పుట్టింది.

2003 ఆగస్టు 25న నాసా ప్రయోగించిన ఈ టెలిస్కోపు అద్దం 85 సెంటీమీటర్లే. వేడిని చూడాల్సిన కన్ను తానే వేడెక్కితే సరిగా కనిపించదు. అందుకని ద్రవ హీలియంతో దాన్ని సున్నాకు దిగువన సుమారు 267 డిగ్రీల దాకా చల్లార్చారు. భూమి సెగ కూడా తగలకుండా, సూర్యుడి చుట్టూ భూమికి వెనకగా తిరిగే దారిలో వదిలారు. లేత మొక్కలకు షేడ్ నెట్ కట్టే మన నర్సరీ రైతులకు ఈ జాగ్రత్త ఎందుకో చెప్పక్కర్లేదు.

దీనికి ముందు, 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం పరికరాలు సరిచూసుకోవడానికి అభిజిత్ నక్షత్రం వైపు తిరిగితే, రావలసిన దానికన్నా ఎక్కువ సెగ వచ్చింది. చుట్టూ ధూళి ఉందన్నమాట. స్పిట్జర్ ఇలాంటి ధూళి చక్రాలను ఎన్నో పసి నక్షత్రాల చుట్టూ చూసింది. నక్షత్రం దగ్గరి వేడి ధూళి జాడ లేక, దూరాన ఉన్న చల్లటి ధూళి సెగ ఒక్కటే వస్తే మధ్యలో ఖాళీ ఉన్నట్టు. ఆ ధూళిని పుడుతున్న గ్రహం ఊడ్చేసి ఉండవచ్చు.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే పరాయి గ్రహాలను పరీక్షించాలని మాత్రం ఈ యంత్రాన్ని కట్టలేదు. అయినా 2005లో, ఒక గ్రహం నక్షత్రం చాటుకు వెళ్ళినప్పుడు మొత్తం సెగ పిసరంత తగ్గడం పట్టుకుంది. ఆ తగ్గినదే గ్రహం వాటా! పరాయి గ్రహాల సొంత వెలుగు మనిషికి అందడం అదే మొదలు. ఆ కొలతల నుంచి గ్రహం గాలిలోని వాయువులనూ ఉష్ణోగ్రతలనూ రాబట్టే లెక్కను 2009లో శాస్త్రవేత్త సారా సీగర్‌తో కలిసి రూపొందించింది మన దేశంలో పుట్టిన నిక్కు మధుసూదన్.

అదే ఏడాది మేలో హీలియం అయిపోయింది. కనీసం రెండున్నరేళ్ళు పనిచేస్తే చాలనుకున్న యంత్రం, వేడెక్కాక కూడా చూడగలిగిన రెండు తరంగదైర్ఘ్యాలతోనే 2020 జనవరి 30 దాకా నడిచింది. నాకు దాని మీద ప్రేమ పుట్టింది ఈ రెండో బతుకు చూసే. 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం వైపు 2016లో దాదాపు 500 గంటలు చూసింది. అక్కడ ఏడు గ్రహాలున్నాయని 2017లో లోకానికి తెలిసింది.

వాటిలో మొదటిది నక్షత్రం చాటుకు వెళ్ళినప్పుడు జేమ్స్ వెబ్ టెలిస్కోపు కూడా స్పిట్జర్ లాగే తగ్గిన సెగను కొలిచింది. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం పగటి వైపు సుమారు 230 డిగ్రీలు. ఆ వేడిని రాత్రి వైపుకు మోసుకుపోయే గాలి అక్కడ ఉన్నట్టు లేదు.