ఇంజిన్ లైటు నుంచి ఇంజెక్టర్ దాకా

నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు మూడు వేల ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టర్ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తెరిచి ఉండేది ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లే. ఆ కాస్త వ్యవధిలో పడాల్సినంత పెట్రోలు, పడాల్సిన తీరులో పడాలి. వరి చేలో మందు కొట్టినవాళ్లకు ఈ తీరు ఏమిటో బాగా తెలుసు. స్ప్రేయర్ నాజిల్ శుభ్రంగా ఉంటే మందు మంచులా పరుచుకుంటుంది, నలక అడ్డుపడితే ఒక పక్కకి ధార కడుతుంది. ఇంజెక్టర్ నుంచి ధారగా కారిన పెట్రోలు కూడా సరిగా మండదు. ఆ సిలిండర్ తన వంతు బలం ఇవ్వదు, ఇంజిన్ వణుకుతుంది, పికప్ పడిపోతుంది. మన మెకానిక్కులు 'మిస్సింగ్ కొడుతోంది' అనేది దీన్నే. కాసేపటికి మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది.

ఆ లైటు నిలకడగా వెలుగుతోందా, టపటపా కొట్టుకుంటోందా అన్నది మొదట చూసుకోవాలి. నిలకడగా వెలుగుతూ, టెంపరేచర్, ఆయిల్ లైట్లు మామూలుగా ఉండి, బండి నడకలో పెద్ద తేడా లేకపోతే నెమ్మదిగా షెడ్డు దాకా వెళ్లవచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేసి, చోటు చూసుకుని పక్కకు తీసి ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతోందని దానర్థం. ఆ వేడికి కన్వర్టర్ లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. చాలా కార్లలో కన్వర్టర్ ఖర్చు ముందు ఇంజెక్టర్ ఖర్చు చిన్నది.

తర్వాత ఆటోనగర్. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పనితనం లేదు. లేత్ పనికి ఒక చోటు, వైరింగుకి ఒక చోటు, డీజిల్ పంపులకీ ఇంజెక్టర్లకీ వేరే షాపులు. స్కానర్ ఇప్పుడు చిన్న షెడ్డులోనూ ఉంది. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాలి దగ్గర ఉండే సాకెట్‌కి దాన్ని తగిలిస్తే ఒక కోడ్ వస్తుంది. ఉదాహరణకు పి0301. 'ఒకటో సిలిండర్ ఇంజెక్టర్ పోయింది, మార్చేద్దాం' అన్న మాట తరచుగా అక్కడే వినిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నదల్లా ఈ మాట దగ్గర కాసేపు ఆగమని. ఆ కోడ్‌లో ఇంజెక్టర్ అన్న మాటే లేదు.

పి0301 అంటే ఒకటో సిలిండర్లో మంట సరిగా రాలేదని మాత్రమే. బండిలోని కంప్యూటర్ సిలిండర్ లోపలికి తొంగి చూడలేదు. క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగాన్ని లెక్కపెడుతుంటుంది. ప్రతి సిలిండర్ మండినప్పుడూ షాఫ్ట్ ఒక పిసరు వేగం అందుకోవాలి. ఒకటో సిలిండర్ వంతులో ఆ ఊపు రాకపోతే 0301 అని రాసుకుంటుంది, రెండోది అయితే 0302. ఊపు ఎందుకు రాలేదో దానికి తెలియదు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, వాల్వు సరిగా మూసుకోక కంప్రెషన్ లేకపోవడమూ కావచ్చు. ఇంజెక్టర్‌ని పేరు పెట్టి చూపే కోడ్లు వేరే ఉన్నాయి. పి0201 నుంచి 0204 వరకు వచ్చేవి ఆ నాలుగు ఇంజెక్టర్ల కరెంటు దారిలో తేడా ఉందని చెబుతాయి. అవి కూడా ఇంజెక్టర్ పోయిందని తేల్చవు. కప్లర్ వదులై ఉండవచ్చు, పిన్నుకి చిలుము పట్టి ఉండవచ్చు, ఎలుక వైరు కొరికి ఉండవచ్చు. కోతల కాలంలో పొలాల పక్క ఇళ్లలో కార్లు పెట్టుకునేవారు బానెట్ ఎత్తి చూసుకోవలసింది మొదట ఈ చివరిదాన్నే.

కారణం తేల్చడానికి అన్నిటికంటే చౌకైన పరీక్ష మార్చి చూడటం. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి పెట్టి, మూడోదాన్ని ఒకటికి పెట్టి, కోడ్ చెరిపేసి బండి నడపాలి. ఈసారి 0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటే వెళ్లింది, కాయిలే దోషి. మళ్లీ 0301 వస్తే ప్లగ్గుతోనూ అదే చేయాలి. అప్పటికీ తప్పు ఒకటో సిలిండర్‌ని వదలకపోతేనే ఇంజెక్టర్ల వంతు. వాటిని విప్పాలంటే ముందు పెట్రోలు లైన్లో ప్రెషర్ తగ్గించాలి, తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగులు కొత్తవి వేయాలి. అందుకే ఈ పని చివరికి పెట్టుకోవాలి. ఇంజెక్టర్ విప్పకుండానే చేయగల చిన్న పరీక్షలు కూడా ఉన్నాయి. ఇంజిన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. తిరిగే బెల్టుకి, ఫ్యానుకి జుట్టూ చొక్కా దూరంగా ఉంచుకోవాలి. నాలుగింటిలో ఒకటి మూగగా ఉంటే అనుమానం దాని మీదే. ఇంజిన్ ఆపి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడాలి. మామూలు పెట్రోలు ఇంజెక్టర్లలో చాలావాటికి అది సుమారు 12 నుంచి 16 ఓములు ఉంటుంది. అంకె కంటే నాలుగింటినీ పోల్చడం ముఖ్యం, మూడు ఒక తీరుగా ఉండి నాలుగోది ఎంతో తేడాగా కనిపిస్తే సంగతి తేలినట్టే. ఈ పరీక్ష డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్ల మీదా, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు వాటి మీదా ఎవరూ సొంతంగా చేయకూడదు. వాటికి వచ్చే వోల్టేజి బ్యాటరీ వోల్టేజికి ఎన్నో రెట్లు.

స్కానర్‌లో కోడ్ పక్కనే ఇంకో విషయం ఉంటుంది. దాన్ని చూడమని అడిగేవాళ్లు తక్కువ. ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి చెబుతుంటే, కంప్యూటర్ పెట్రోలు కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గు ఎంత శాతమో చూపే అంకె ఇది. ప్లస్ పది లోపు, మైనస్ పది లోపు ఉంటే సాధారణంగా కంగారు లేదు. ప్లస్ ఇరవై దాటి పి0171 వచ్చిందంటే గాలికి తగిన పెట్రోలు అందడం లేదు. ఈ అంకెని రెండు స్థితుల్లో చూడాలి. బండి నిలబడి స్లోలో ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎంకి రేసు చేస్తే మామూలు స్థితికి వస్తే ఎక్కడో పైపు చిట్లి దొంగ గాలి పోతోంది, ఇంజెక్టర్ జోలికి పోనక్కర్లేదు. స్లోలో బాగుండి, లోడు పెరిగే కొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోలు సరఫరాలో తేడా: పంపు, ఫిల్టరు, లేదా మురికి పట్టిన ఇంజెక్టర్లు. మైనస్ వైపు బాగా పోయి పి0172 వస్తే ఇంజెక్టర్ మూసుకోక కారుతూ ఉండవచ్చు. వేడి మీద ఆపిన బండి పావుగంట తర్వాత వెంటనే స్టార్ట్ కాకపోవడం, ప్లగ్గు నల్లబడటం, ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన దాని గుర్తులు. ఆయిల్ అలా పల్చబడ్డాక కూడా నడిపితే బేరింగులకే ముప్పు.

ఇక్కడ 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి చెప్పాలి. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిపితే సుమారు 14.1 చాలు, ఇరవై శాతం కలిపితే సుమారు 13.5. అంటే పది నుంచి ఇరవైకి మారితే అదే గాలికి కంప్యూటర్ ఇంకో నాలుగు శాతం ఇంధనం ఎక్కువ పోయాలి. పాత బండిలో ట్రిమ్ ఆ మేరకు పెరిగి కనిపిస్తే అది ఇంజెక్టర్ రోగం కాదు. ఇథనాల్‌తో అసలు చిక్కు నీళ్లు. అది తేమని పీల్చుకుంటుంది, పట్టగలిగినంత పట్టాక నీళ్లతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ట్యాంకులో పంపు పీల్చేది అడుగు నుంచే. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటే గుడివాడ, తెనాలి, అవనిగడ్డ ఇళ్ల ముందు గుడ్డ కప్పి నెలల తరబడి నిలబడిపోయే కార్లకు ఇది నేరుగా తగులుతుంది. డెల్టా గాలిలో తేమకి కొదవ లేదు. అలాంటి బండికి కొత్త ఇంజెక్టర్ వేసి పాత పెట్రోలునే పట్టిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీల మీద పడినప్పుడు వేల బండ్లు మునిగాయి, కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి తీయలేదు. మునిగిన బండిని ఇంజిన్‌లో నీళ్లు ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుందని అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది. ఆయిల్ మార్చి, సీట్లు ఆరబెట్టి, నడుస్తోంది కదా అని తిప్పుకున్న బండ్లకు ఇంజిన్ లైటు నెలల తర్వాత కూడా రావచ్చు. కప్లర్లలో దూరిన బురద నీరు పిన్నుల మీద పచ్చటి చిలుము పెంచుతుంది, అది నెమ్మదిగా సాగే పని. అలాంటి బండిలో ఏ ఇంజెక్టర్ కోడ్ వచ్చినా ముందు కప్లర్లు విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఎర్త్ పాయింట్లు గీకి బిగించాలి. తర్వాత ట్యాంకు, ఫిల్టరు. ఇంజెక్టర్ ఆ తర్వాతే. మునిగిన బండి కొనేవారికి కూడా అమ్మేవారు ఈ మాట చెప్పాలి. చెప్పకపోవడం అన్యాయం.

సీఎన్‌జీ మీద నడిచే ట్యాక్సీలకి ఒక సౌలభ్యం ఉంది. పెట్రోలుకి ఒక వరస ఇంజెక్టర్లు, గ్యాసుకి ఇంకో వరస ఉంటాయి కాబట్టి స్విచ్చి మార్చి పోల్చవచ్చు. గ్యాసు మీద మిస్సింగ్ వచ్చి పెట్రోలు మీద రాకపోతే తప్పు గ్యాసు వైపు. పెట్రోలు మీద మాత్రమే వస్తే పెట్రోలు ఇంజెక్టర్లు జిగురు పట్టాయి, వాడకుండా వదిలేసినందుకు. రెండింటి మీదా వస్తే మొదట ప్లగ్గు, కాయిల్, కంప్రెషన్ చూడాలి. రోజూ కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపితే ఆ జిగురు బాధ చాలావరకు ఉండదు.

డీజిల్ వేరే లోకం. మన ట్యాక్సీ స్టాండుల్లో ఇప్పటికీ తిరుగుతున్న పాత డీజిల్ డిజైర్లలో ఉన్నది ఫియట్ రూపొందించిన 1,248 సీసీ ఇంజిన్. బీఎస్-6 వచ్చిన 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది, ఉన్నవాటిని మాత్రం డ్రైవర్లు ప్రాణంగా చూసుకుంటున్నారు. పెట్రోలు లైన్లో మూడు నాలుగు బార్ల ప్రెషర్ ఉంటే, ఇలాంటి కామన్ రైల్ డీజిల్‌లో వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. అంత సన్నని చోట నీటి చుక్క వెళ్తే తుప్పు, ఇసుక రేణువు వెళ్తే గీత. కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువుల గట్ల మీద క్యాన్లలో, డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్‌ని పికప్ వ్యానుల్లో పోసేవారు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉన్న బండ్లలో వానాకాలంలో తరచుగా దాన్ని విప్పి చూడటం కొన్ని నిమిషాల పని.

డీజిల్ ఇంజెక్టర్ అరిగిందో లేదో తేల్చే పరీక్ష కంటికి కనిపించేది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులనూ నాలుగు గాజు సీసాల్లోకి పెట్టి ఇంజిన్ కాసేపు నడుపుతారు. మిగతా మూడిటి కంటే ఎక్కువగా నిండిన సీసా ఏదో, ఆ ఇంజెక్టర్ లోపల లీకవుతోంది. ఈ పరీక్ష చేయించమని అడిగి, పక్కన నిలబడి చూడండి. కామన్ రైల్ నుంచి ఇంజెక్టర్‌కి వెళ్లే ఇనుప పైపు దగ్గర లీకు వెతకడానికి చెయ్యి పెట్టకూడదు. సూది మొన లాంటి ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, లేకపోతే వేలో చెయ్యో తీసేయాల్సిన స్థితి రావచ్చు. కొత్త ఇంజెక్టర్ వేస్తే చాలా కార్లలో దాని మీద చెక్కిన కోడ్‌ని స్కానర్‌తో కంప్యూటర్‌కి ఎక్కించాలి. అది మరిచిపోతే కొత్తది వేశాక కూడా శబ్దం, పొగ తగ్గవు.

ఇంధనం మీద అనుమానం ఉంటే పంపులోనే అడగవచ్చు. ఫిల్టర్ పేపర్ మీద పెట్రోలు చుక్క వేసి చూపమని అడిగే హక్కు కొనేవారికి ఉంది. ఆరిపోయాక మరక మిగిలితే కల్తీని అనుమానించాలి. నీళ్లు మాత్రం ఈ కాగితంతో తెలియవు. వాటికి డిప్ రాడ్‌కి పూసే పేస్టు వేరే ఉంటుంది, నీరు తగిలితే రంగు మారుతుంది. పెద్ద వానలు పడ్డాక అదీ అడగండి.

పని అయ్యాక లైటు ఆరిందని తృప్తిపడి తాళం తీసుకోకండి. కోడ్ చెరిపితే ఏ లైటైనా ఆరుతుంది. ఏసీ వేసి, నలుగురు కూర్చుని, కనకదుర్గ ఫ్లైఓవర్ పైకి మూడో గేరులో ఎక్కించి చూడండి. లోడు పడినప్పుడే మిస్సింగ్ బయటపడుతుంది. చాలా తప్పులు రెండు ప్రయాణాల్లో వరసగా కనిపించాకే కంప్యూటర్ లైటు వేస్తుంది, ఒక్కసారి కనిపించినవాటిని 'పెండింగ్' అని పక్కన రాసుకుంటుంది. అందుకే రెండు మూడు రోజులు తిరిగాక మళ్లీ స్కానర్ పెట్టించి ఆ పెండింగ్ జాబితా, ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు అడిగి చూసుకోండి. విప్పిన పాత ఇంజెక్టర్‌ని కూడా అడిగి ఇంటికి తెచ్చుకోండి.