ఘాట్‌లో ఇంజిను ఉడికితే.. నీళ్లు పోస్తే చాలదు
లోపల చిక్కిన గాలి తీయకుంటే మళ్లీ అదే అవస్థ

దోర్నాల: వేసవిలో దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌ రోడ్డులో బానెట్‌ ఎత్తి పక్కన నిలిపిన కార్లు కనిపించడం పరిపాటే. సుమారు 50 కిలోమీటర్ల నల్లమల దారి. ఎండ, ఎత్తు, కారు నిండా జనం, ఆపై ఏసీ. ఆవిరి చిమ్మగానే చాలామంది సీసాలోని నీళ్లు పోసి మళ్లీ బయలుదేరతారు. కొద్దిదూరం పోకముందే ముల్లు తిరిగి ఎర్రగీతను తాకుతుంది. నీళ్లు నిండుగా ఉన్నాయి కదా, మరెందుకిలా అని తలలు పట్టుకుంటారు. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది ఇంజినులో చిక్కిన గాలినే.

మూత జోలికి పోరాదు

అంబాసిడర్ల కాలంలో డిక్కీలో నీళ్ల డబ్బా తప్పనిసరి. ఆగినచోటల్లా మూత తీసి నింపేవారు. ఆ అలవాటు నేటి కార్లకు పనికిరాదు. ఇప్పటి శీతలీకరణ వ్యవస్థ ప్రెషర్‌ కుక్కర్‌ వంటిది. మూత సుమారు ఒక బార్‌ ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. అందువల్ల 100 డిగ్రీల వద్ద మరగాల్సిన నీరు 120 డిగ్రీల వరకు మరగదు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. కొంత నీరు క్షణంలో ఆవిరై, మిగిలిన మరుగునీటిని ముఖంపైకి ఎగజిమ్ముతుంది.

ముల్లు పైకి ఎక్కుతుండగానే ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, వెడల్పైన చోట కారు నిలపాలి. హీటరు కూడా చిన్న రేడియేటరే. కొంత వేడిని లాగేస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో ముల్లు దిగకున్నా, ఆవిరి కనిపించినా ఇంజిను ఆపేయాలి. కనీసం గంటసేపు ఆగాలి. కాగిన ఇంజినుపై చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం బీటలు వారే ప్రమాదం ఉంది.

మోటారుకే కాదు, కారుకూ ఎయిర్‌లాక్‌

ఎయిర్‌లాక్‌ రైతులకు కొత్త కాదు. పైపులో గాలి చేరితే మోటారు తిరుగుతున్నా నీరు ఎక్కదు. కారులోనూ అంతే. గొట్టం చిట్లి నీరు కారినప్పుడు, పాత కూలెంట్‌ తీసి కొత్తది పోసినప్పుడు ఖాళీల్లోకి గాలి చొరబడుతుంది. ఎత్తులో ఉండే సిలిండర్‌ హెడ్‌లో, హీటరు గొట్టాల్లో తిష్ఠ వేస్తుంది. అక్కడ కూలెంట్‌ తిరగక అల్యూమినియం హెడ్‌ వంగి గ్యాస్‌కెట్‌ దెబ్బతింటుంది. వేడిని కొలిచే సెన్సర్‌ గాలిలో ఉండిపోతే ముల్లు చెప్పే లెక్కనూ నమ్మలేం. ఇంజిను కాగి ఉన్నా హీటరు నుంచి చల్లగాలే వస్తుంటే ఎయిర్‌లాక్‌ను అనుమానించాలి.

గాలి తీసేదిలా

ముందుగా లోపం ఎక్కడో చూడాలి. వదులైన క్లిప్పులు, వాటర్‌ పంపు కింద తడి, ఏసీ వేసినా తిరగని ఫ్యాను.. వీటిని సరిచేయకుండా గాలి తీసి లాభం లేదు.

ఇంజిను పూర్తిగా చల్లారాక ముందుభాగం ఎత్తుగా ఉండేలా కారు నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి. మూత తీసి, హీటరును పూర్తి వేడిలో ఉంచి, కూలెంట్‌ను సన్నని ధారగా పోయాలి. కొన్ని కార్లలో పై గొట్టం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులుచేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి. స్క్రూ లేనివాటిలో మూత తీసి ఉంచే ఇంజిను నడపాలి. 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్‌ తెరుచుకుని పై గొట్టం వేడెక్కుతుంది. గాలి బుడబుడమంటూ బయటపడి మట్టం తగ్గుతుంది. ముఖం దూరంగా ఉంచి, తగ్గినంత నింపుతూ పోవాలి. బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడాలి. మర్నాడు ఉదయం మట్టం మరోసారి సరిచూడాలి. మాన్యువల్‌లో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించాలి.

బుడగలు ఎంతకీ ఆగకుంటే అది చిక్కిన గాలి కాకపోవచ్చు. చెడిన గ్యాస్‌కెట్‌ దాటి వస్తున్న సిలిండర్‌ వాయువు కావచ్చు. ఆయిల్‌ మూత కింద మీగడ వంటి జిడ్డు, వెనుక గొట్టం నుంచి ఆగని తెల్లపొగ ఉంటే అనుమానం బలపడుతుంది. అలాంటి కారును నడపకుండా షెడ్డుకు లాగించుకోవాలి.

దారిలో గత్యంతరం లేక తాగునీరు పోసినా, ఇంటికి చేరాక తీయించి మళ్లీ కూలెంట్‌ నింపించాలి. బోరు నీటి లవణాలు రేడియేటర్‌లో పొరలుగా పేరుకుంటాయి. తీసిన కూలెంట్‌ను మాత్రం ఘాట్‌ పక్కన పారబోయరాదు. అందులోని ఇథిలీన్‌ గ్లైకాల్‌ తియ్యగా ఉండే విషం. ఈ దారి పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. వేసవిలో గుక్కెడు నీటికి రోడ్డెక్కే కోతులు, జింకలు ఆ మడుగునే తాగేస్తాయి. డబ్బాలో పట్టి వెంట తీసుకుపోవాలి.